పన్నెండో షో

సెక్టర్ 6, భిలాయి
2 ఆగస్టు 2002

ఒసేయ్ భాగ్యా,

ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు. కూర్చున్నావా? ఫిష్‌ప్లేట్స్ వస్తున్నారే!

నా మీదొట్టు, నిజం. డిసెంబరు పద్నాలుగు, శనివారం సాయంత్రం, సివిక్ సెంటర్ పక్క మైదానంలో. నిన్న మార్కెట్‌కి వెళ్తే గోడమీద పోస్టరు కనబడింది. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కూరలమ్మే దీదీ నన్ను చూసి, ఎవరైనా పోయారా అని అడిగింది. పోయినవాళ్లే తిరిగొస్తున్నారు దీదీ అన్నాను. ఆరేళ్లయింది కదే వాళ్లు ఊళ్లు తిరగడం మానేసి! మైకు పట్టుకున్న హార్వేకి నెత్తిన సగం జుట్టు లేదు, నవ్వు మాత్రం అదే. నీ శ్యామసుందర్ డ్రమ్ముల వెనకాల కూర్చుని, ఎప్పట్లాగే బండి తప్పిపోయినవాడిలా మొహం పెట్టాడు. చూసుకుని మురిసిపో.

ఇంటికొచ్చి గెంతుతుంటే మా జాయ్ "మమ్మీ, ఫిష్‌ప్లేట్ అంటే చేపలు పెట్టుకునే పళ్లెమా?" అంది. విన్సెంట్‌కి ఎంత కోపం వచ్చిందో! రైల్ మిల్లులో పదహారేళ్లు చేసిన మనిషి కదా. రెండు పట్టాల్ని కలిపి బిగించే ఇనప ముక్క అని దాన్ని కూర్చోబెట్టి బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ కుర్రాళ్లు బ్యాండు పెట్టుకుంటే అలాంటి పేరు కాక ఇంకేం పెడతారు? పట్టాలు తయారుచేసే ఊళ్లో పుట్టిన ఆడపిల్లలం వాళ్ల ఇంగ్లీషు పాటలకి పిచ్చెక్కిపోవడంలో వింతేముంది? ఇదంతా జాయ్‌కి చెప్పాను. అది ఏమీ అర్థం కానట్టు చూసి టీవీ పెట్టుకుంది.

ఎనభైలో, మన తొమ్మిదో క్లాసులో మొదటి షో. ఆ రాత్రే కదా, నువ్వు మీ సింహాద్రప్పన్న పటం మీద, నేను మా బైబిలు మీద చెయ్యేసి, ఒకరు లేకుండా ఇంకొకరు ఈ బ్యాండు షోకి వెళ్లకూడదని ఒట్టేసుకున్నాం. అప్పట్నించి పదకొండు షోలు. రూర్కెలాకి పంటి డాక్టరు దగ్గరికని మా అత్తగారికి చెప్పి వచ్చాను. నాగపూర్‌కి నువ్వు ఐదో నెల కడుపుతో వచ్చావు. రాయ్‌పూర్‌లో వానకి టెంటు కూలిపోతే తడుస్తూ నాలుగు పాటలు విన్నాం. ఇప్పుడు పన్నెండోది మన ఊళ్లోనే. ఇదే ఆఖరి టూరు అని పోస్టర్ కింద చిన్న అక్షరాల్లో వేశారు.

ఇదంతా ఫోన్లో అరిచి చెబుదామంటే నువ్వు దొరికితే కదా! ఎప్పుడు చేసినా మీ ఆయన, సురేశ్ అన్నయ్యే ఎత్తి, స్నానం చేస్తోందమ్మా అంటాడు. ఏడాదిగా చూస్తున్నాను. ఎన్ని స్నానాలే నీకు? విశాఖపట్నంలో నీళ్లకి కటకట అంటారు, అవన్నీ నీ మీదే పోసుకుంటున్నావా?

ఇంకోటి. కవరు మీద మధ్యప్రదేశ్ అని రాయడం మానవే తల్లీ. మేం ఛత్తీస్‌గఢ్ అయి రెండేళ్లు కావొస్తోంది. పోస్ట్‌మాన్ నన్ను చూసి నవ్వుతున్నాడు.

ఏ బండికి వస్తున్నావో రాయి. పక్కా?

నీ
వెరోనికా


రైల్వే కాలనీ, విశాఖపట్నం
19 ఆగస్టు 2002

ప్రియమైన వెరోనికా,

నీ ఉత్తరం అందింది. కవరు మీద ఛత్తీస్‌గఢ్ అని రాశాను, చూసుకో.

బ్యాండు వస్తోందంటే చాలా సంతోషం. ఆఖరి టూరు అంటే మనసు అదోలా అయింది. అయితే నాకు డిసెంబరులో కుదరదేమో. స్కూల్లో హాఫ్ ఇయర్లీ పరీక్షలు సరిగ్గా అప్పుడే. మూడో తరగతి రెండు సెక్షన్లూ నామీదే ఉన్నాయి. మా అత్తగారికి కంటి ఆపరేషను చేయించాలంటున్నారు, అదెప్పుడు పడుతుందో తెల్దు. పిల్లాడికి ట్యూషన్లు. ఆ హడావిడి నీకు తెలియందేటి?

అదీకాక మనకి ముప్పయ్యారు వచ్చాయి. ఆ తోపులాటలో, ఆ రొదలో నిలబడే వయసేనా? నువ్వు విన్సెంటన్నయ్యని తీసుకుని వెళ్లు. జాయ్‌ని కూడా తీసుకెళ్లు, చేపల పళ్లెం కాదని దానికి తెలుస్తుంది. ఒట్టు గురించి ఆలోచించకు. తీసి గట్టున పెట్టీసాను.

శ్యామసుందర్ ఎలగ వాయించాడో మాత్రం వివరంగా రాయి. ఏ పాట తరవాత ఏ పాటో వరసగా రాయి.

అందర్నీ అడిగానని చెప్పు.

ఇట్లు
భాగ్యరేఖ


సెక్టర్ 6, భిలాయి
1 సెప్టెంబరు 2002

ఏమే,

"ప్రియమైన వెరోనికా" ఏంటే? "ఇట్లు భాగ్యరేఖ" ఏంటే? బ్యాంకు మేనేజరుకి అర్జీ పెట్టావా? నీకు నేను ఏనాడైనా ప్రియమైన వెరోనికానా? రెండుసార్లు కవరు తిప్పి చూశాను, ఇది మా భాగ్యం రాసిందేనా అని.

ఒట్టు తీసి గట్టున పెట్టావా! అది నీ ఒక్కదాని ఒట్టా? సగం నాది. నా సగం నేను తియ్యను. కడుపుతో ఉన్నప్పుడు, డాక్టరమ్మ వద్దన్నా నాగపూర్ దాకా రైల్లో వచ్చినదానివి, హాఫ్ ఇయర్లీ పరీక్షలకి ఆగిపోతావా? మూడో తరగతి పిల్లలు నీ పరీక్ష రాయకపోతే కలెక్టర్లు కాలేరా? మీ అత్తగారి కన్ను జనవరిలో చేయించుకోకూడదా?

నాకు అర్థమైపోయింది, ఏదో ఉంది. మొన్న ఆదివారం ఎస్‌టీడీ బూతుకెళ్లి మళ్లీ చేశాను. అన్నయ్యే ఎత్తాడు. "అన్నయ్యా, ఈసారి స్నానం అన్నావంటే నేను రైలెక్కి వచ్చేస్తాను" అన్నాను. ముందు జాయ్ చదువు సంగతి అడిగాడు. తరవాత "అమ్మా వెరోనికా, నన్ను చెప్పొద్దని ఒట్టు పెట్టింది. నువ్వే ఉత్తరం రాసి అడుగు" అన్నాడు. ఆయన గొంతు బాగోలేదే. ఫోను పెట్టేశాక బూతువాడికి డబ్బులివ్వడం కూడా మర్చిపోయి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచాడు.

అప్పట్నించి నాకు తిండి సయించడం లేదు. జబ్బా? అన్నయ్యతో గొడవా? నామీద కోపమా? కోపమైతే తిట్టు. తిట్లు పడడం నాకు అలవాటే. ఈ చుప్‌చాప్ మాత్రం నావల్ల కాదు. మనం పుట్టిందే పక్కపక్క క్వార్టర్లలో. మీ ఇంట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్మేవాళ్లం. నా దగ్గర నీకు దాపరికమేంటే?

షో పోతే పోనీ. నీకేమైందో రాయి.

వెరోనికా


రైల్వే కాలనీ, విశాఖపట్నం
20 సెప్టెంబరు 2002

వెరోనికా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించీసాను. ఇది ఐదోది. ఇంక దాచను.

నాకు చెవులు వినపడ్డం లేదే.

ఎడమది పోయి రెండేళ్లయింది. కుడిది పోతోంది. దుప్పటి కప్పుకుని పడుకుంటే పక్కగదిలో మాటలు ఎలగ వినపడతాయో, ఇప్పుడు నాకు పక్కనున్న మనిషి అలగ వినపడతాడు. మనిషి మొహం చూస్తే సగం అర్థమవుతాది. ఫోన్లో మొహం ఉండదు కదా, అందుకే నాకు అన్ని స్నానాలు. డాక్టరు నరం దెబ్బతిందన్నాడు. ఏటేటా తగ్గుతాది తప్ప పెరగదన్నాడు. పాటల వల్లా అని సురేశ్ అడిగితే కాదన్నాడు. ఆ మాట ముందే రాస్తున్నాను, లేకపోతే నీ బుర్ర ఎటు పోతాదో నాకు తెలుసు.

మిషను కొన్నాం. పెట్టుకుంటే కుక్కరు విజిలు, ఆటో హారను, సురేశ్ మాట అన్నీ ఒకటే సైజులో చెవిలో పడతాయి. గిన్నెల బీరువా తలమీద పడ్డట్టు ఉంటాది. తీసి సొరుగులో పడీసాను.

స్కూల్లో ఏటి జరిగిందో చెప్తాను. ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. ఒక పిల్ల ఏదో చెప్పింది, "గుడ్, కూర్చో" అన్నాను. క్లాసంతా నోళ్లు తెరిచి నవ్వుతున్నారు. ఏడేళ్లెంత అంటే నలభై తొమ్మిది బదులు ఇరవై అని చెప్పిందట. నేనూ నవ్వీసాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. హెడ్మాస్టరమ్మకి తెలిస్తే రేపట్నించి రావద్దంటారేమో.

మా బాబు నీకు గుర్తున్నాడు కదా. మిల్లులో ముప్పయ్యేళ్లు ఆ చప్పుడులో చేసి చెవులు పోగొట్టుకున్నాడు. మార్కెట్లో వంకాయలు ఎంత అని అడిగినా సెక్టరంతా వినపడేలా అరిచేవాడు. నాకు సిగ్గేసి పదడుగులు వెనక నడిచేదాన్ని, కన్నతండ్రి కాదు ఎవరో అన్నట్టు. ఇప్పుడు మా పిల్లాడు నాతో బజారుకొస్తే వెనకపడుతున్నాడు. వాడిని ఏటనను?

ఇంక షో సంగతి. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం, ఎవరూ లేకుండా చూసి 'ఔటర్ సిగ్నల్' క్యాసెట్ పెట్టాను. సౌండు ఆఖరిదాకా తిప్పాను. గుడుగుడుమని ఏదో చప్పుడు, దానిమీద రేకు డబ్బాలో దోమ తిరిగినట్టు ఒక రొద. అది హార్వే అట! టక్కున కట్టీసాను. కానీ వెరోనికా, నా తలకాయలో ఆ పాట ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ప్రతి మాటా, ప్రతి దెబ్బా ఉంది. పప్పు రుబ్బుతున్నప్పుడు మొదలెడితే పూర్తయ్యేదాకా వస్తాది. నా దగ్గర మిగిలిందదే. అక్కడికొచ్చి వాళ్ల ఎదురుగా నిలబడి ఆ దోమ రొద వింటే, లోపలున్న మంచి పాట చెరిగిపోతాదని భయం. పోతే మళ్లీ నాకెక్కడ దొరుకుతాది? అందుకే రానన్నాను. నీమీద ప్రేమ లేక కాదు.

ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మా అమ్మకి. ముప్పయ్యేళ్లు మొగుడి చెవిలో అరిచి అరిచి ఆవిడ సగమైపోయింది. కూతురు కూడా అంతేనని తెలిస్తే తట్టుకోలేదు. తమ్ముడి దగ్గర, అక్కడే మీ ఊళ్లో, వైశాలి నగర్లో హాయిగా ఉంది. ఉండనీ.

భాగ్యం


సెక్టర్ 6, భిలాయి
29 సెప్టెంబరు 2002

నా బంగారం,

జాయ్ చూడకుండా బాత్రూంలో కూర్చుని చదివాను. ఈసారి నా వంతు స్నానం.

డాక్టరు కాదన్నాడని రాశావు, అయినా రూర్కెలాలో నిన్ను చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి, ఆ పెద్ద బాక్సుల దగ్గరికి లాక్కెళ్లింది నేనే కదే. నువ్వు తలనొప్పి అన్నావు. నేను వినలేదు. రెండు రోజులుగా అదే గుర్తొస్తోంది.

రమ్మని ఇంక అడగను. నువ్వు ఆ పాటని లోపల దాచుకున్నావు చూడు, దానికి చిన్న గీత పడినా నన్ను నేను క్షమించుకోలేను. నువ్వక్కడ పప్పు రుబ్బుకుంటూ పాడుకో. నాకు రోజూ ఉత్తరం రాయి. నేనూ రాస్తాను. నీకు వినపడకపోతే నేను చేతులు నొప్పెట్టేలా రాస్తాను, సరేనా?

పిల్లాడు వెనకపడుతున్నాడని బాధపడకు. మనం ఆ వయసులో ఎంత వెధవలమో నీకు తెలీదా? వాడికీ బుద్ధి వస్తుంది.

మీ అమ్మకి చెప్పను. విన్సెంట్‌కి కూడా చెప్పలేదు. ఒక్క దేవుడికి చెప్పాను, ఆయన నోరు జారడు.

నీ
వెరోనికా


రైల్వే కాలనీ, విశాఖపట్నం
21 అక్టోబరు 2002

వెరోనికాకి,

మీ దేవుడు నోరు జారలేదు. మీ చర్చి అయ్యగారు జారాడు.

నిన్న మా తమ్ముడు సురేశ్‌కి ఫోను చేశాడు. మీ చర్చికొచ్చే విమలకుమారి ఆంటీ వైశాలి నగర్లో మా ఇంటికెళ్లి, మా అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చి, "నూకమ్మక్కా, భాగ్యానికి చెవులు పోయాయట కదా, ఆదివారం గుడిలో అందరం నిలబడి ప్రార్థించాం" అని చెప్పి, ప్రార్థించిన నూనె సీసా ఒకటి చేతిలో పెట్టి వెళ్లిందట. మా అమ్మ పొద్దుట్నించి అన్నం ముట్టలేదట.

నువ్వేం రాశావో, ఎవరికి రాశావో నాకు తెల్దు. నేను నీ ఒక్కదానికి చెప్పాను. నా సురేశ్‌కి కూడా చెప్పని మాటలు, మా బాబు మాటలు, నీ ఒక్కదానికి రాశాను. రెండొందల మంది నిలబడి నా చెవుల గురించి మాట్లాడుకున్నారంటే, ఇంక నేను సెక్టర్ ఆరులో ఎవరి మొహం చూడను?

నాకు ఉత్తరాలు రాయకు కొన్నాళ్లు.

భాగ్యరేఖ


సెక్టర్ 6, భిలాయి
30 అక్టోబరు 2002

భాగ్యా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోయినా సరే, చించెయ్యకుండా పక్కన పెట్టు.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. మా గుడిలో తలుపు దగ్గర ప్రార్థన మనవుల పెట్టె ఉంటుంది, నీకు తెలుసు. అందులో చీటీ వేశాను. "భాగ్యరేఖ, విశాఖపట్నం, చెవుల గురించి." అంతే రాశాను. పేరు రాయకపోతే దేవుడికి ఎలా తెలుస్తుంది అనుకున్నాను చూడు, అంత తెలివి నాది. పరంజ్యోతి అయ్యగారు పేర్లు చదువుతారని తెలుసు, కానీ లోకంలో ఎంతమంది భాగ్యరేఖలు లేరు అనుకున్నాను. ఆయన చీటీ చదివి, కళ్లజోడు పైకి తోసి, పుల్‌పిట్ మీంచే, "ఏ భాగ్యరేఖమ్మా? మనతో క్రిస్మస్ పాటలకి వచ్చేది, గణపతిరావు గారమ్మాయేనా?" అని అడిగారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తలూపాను. ఊపేశానే! ఒక్క క్షణం ఆగి కాదని ఉంటే అయిపోయేది. గుడిలో అబద్ధం ఎలా ఆడను అనుకున్నానో, బుర్ర పనిచెయ్యలేదో నాకే తెలీదు. ఆ తలూపడం రోజుకి పదిసార్లు గుర్తొస్తోంది. నా మెడ విరిచెయ్యాలనిపిస్తోంది.

మీ అమ్మ దగ్గరికి వెళ్లాను, కాళ్లు పట్టుకుందామని. ఆవిడ గుమ్మంలోనే, "నాకు ఎవులితోనూ మాట్లాడాలని నేదు" అని తలుపేసేసింది. అదే న్యాయం.

నేను నిన్ను ప్రేమించానని చెప్పి తప్పించుకోను. ప్రేమించినవాళ్ల రహస్యం కడుపులో పెట్టుకోవాలి. నాకు చేతకాలేదు. నన్ను క్షమించమని కూడా అనను, నీకు తోచినప్పుడు చూసుకో.

ఒక్క సంగతి. నీ ఉత్తరం రాకముందే ఆగస్టులో రెండు టిక్కెట్లు కొనేశాను. వాటితో నేను వెళ్లను. ఒట్టు గురించి కాదు. నువ్వు పక్కన లేకపోతే వాళ్లెవరే నాకు? ఎవరో ఖరగ్‌పూర్ ముసలాళ్లు. నువ్వు పక్కన నిలబడి నా చెయ్యి గిల్లుతుంటేనే కదా వాళ్లు నాకు ఫిష్‌ప్లేట్స్ అయ్యేది. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని జాయ్ లెక్కలు చూస్తాను.

వెరోనికా


రైల్వే కాలనీ, విశాఖపట్నం
24 నవంబరు 2002

ఒసేయ్ నోటిదూలదానా,

నోరు కాదు, మెడదూల అనాలేమో. నీ ఉత్తరం చించలేదు. రెండు వారాలు బియ్యం డబ్బా మీద పెట్టి, దాన్ని చూసినప్పుడల్లా పళ్లు నూరుకున్నాను. కోపం తగ్గిందని కాదు. కానీ ఇక్కడ జరిగింది నీకు చెప్పకపోతే నాకు పొట్ట ఉబ్బిపోయేలా ఉంది.

మా అమ్మ వచ్చేసింది. ఎవరికీ చెప్పకుండా, డెబ్బయ్యేళ్ల మనిషి, పాసింజరు బండెక్కి ఒక్కర్తే వచ్చింది. సంచిలో ఊరగాయ, ఉప్పుచేప, మీ విమలకుమారి ఆంటీ నూనె సీసా. గుమ్మంలో చెప్పులైనా విప్పలేదు, నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని మొదలెట్టింది. వీధంతా విన్నారు. నాకే బాగా వినపడింది, ఆవిడ గొంతు అలాంటిది.

"ఏటే పిల్లా, సెవులు ఇనపడ్డం నేదంట. ఊరందరికీ తెలిసినాక నాకు తెలిసింది. నాకెందుకు సెప్పనేదు?"

నువ్వు బాధపడతావని అన్నాను.

"నాను బాదపడ్డాను గానీ, నీ సెవులకి కాదు. మీ బాబుకి ముప్పయ్యేళ్లు ఇనపడనేదు, ఆడేటి సచ్చిపోనాడా? సెక్టర్ ఆరులో మొగోళ్లెవులికి ఇనపడిందేటి? మనోళ్లందరం అందుకే అరుస్తాం. నాను దుక్కపడింది, మీ బాబు దగ్గిర నువ్వు పదడుగులు ఎనకాల నడిసినట్టు, ఇప్పుడు నీకు నువ్వే పదడుగులు ఎనకాల నడుస్తన్నావని."

ఆవిడకి తెలుసే! అప్పుడే తెలుసట. బాబుకి కూడా తెలుసట. ఏడుపు ఆగలేదు.

తరవాత అన్నం తింటూ ఇంకోటి చెప్పింది. మన మొదటి షోకి బాబే కదా, ముందు బద్దీ మీద నిన్ను, వెనక క్యారేజీ మీద నన్ను ఎక్కించుకుని సైకిలు తొక్కాడు. బయట ఉండమంటే ఉండకుండా లోపలికొచ్చి లౌడుస్పీకరు పెట్టె పక్కన నిలబడ్డాడు, దానిమీద చెయ్యేసి, మూడు గంటలు. నీకు గుర్తుందో లేదో, ఆయనెవరని పక్కవాళ్లు అడిగితే నేను పెట్టెలకి కాపలావాడు అని చెప్పాను. కాపలా కాదట వెరోనికా. ఆయన అలగ వింటున్నాడట. ఇంటికొచ్చి అమ్మతో, "నూకాలూ, ఆ డోలు కుర్రోడు బలే కొడతన్నాడే" అన్నాడట. పదకొండు షోలు నువ్వు హార్వే హార్వే అంటుంటే నేను శ్యామసుందర్ అన్నాను కదా. మా బాబు నాకంటే ముందే ఆ మాట అన్నాడు. ఆయన పోయి ఏడేళ్లయింది, ఇప్పుడెవరికి చెప్పను?

మర్నాడు స్కూలుకెళ్లి హెడ్మాస్టరమ్మ లలితాంబ గారికి నేనే చెప్పీసాను. నన్ను పంపించేస్తారని చూస్తున్నాను. ఆవిడ బీరువా వైపు చూపించి, "పలకలున్నాయి కదమ్మా, ఎక్కాలు పలకమీద రాసి చూపించమను. వాళ్ల చేతిరాత కూడా బాగుపడుతుంది" అన్నారు. ఇంతేనా అనిపించింది. రెండేళ్లు ఎందుకు చచ్చానో నాకు తెల్దు.

నూనె కూడా రాసుకున్నాను, అమ్మ ఊరుకోలేదు. చెవులు అలాగే ఉన్నాయి, జుట్టు మాత్రం మెత్తబడింది. విమలకుమారి ఆంటీకి చెప్పు.

ఇంక విను. నేను వస్తున్నాను. పన్నెండో తారీకు బండికి, అమ్మని దింపడానికీ అవుతాది. పరీక్షలు లలితాంబ గారు చూసుకుంటారు. మా అత్తగారి కన్ను జనవరిలో.

భయం పోలేదు, ఆ సంగతి చెప్పాలి. లోపలున్న పాట చెరిగిపోతాదనే ఇప్పటికీ అనిపిస్తాది. చెరిగిపోతే నీ ఒళ్లో పడి ఏడుస్తాను, నువ్వే కదా తలూపినదానివి, భరించు. మిషను పెట్టుకోను. నువ్వు ఒక నోట్‌బుక్కు, చెక్కిన పెన్సిలు తీసుకురా. ఏ పాట మొదలెట్టారో రాసి చూపించు, మిగతాది నేను చూసుకుంటాను. అరవకు. నిజం రాయి.

ప్రార్థన చేసుకుంటే నోరు మూసుకుని చేసుకో.

నీ
భాగ్యం


సివిక్ సెంటర్ పక్క మైదానం, భిలాయి
మూడో వరస, జాయ్ రఫ్ నోట్‌బుక్కులో
14 డిసెంబరు 2002, సాయంత్రం

భాగ్యా,
వచ్చారు! నీకూ కనబడుతోందిలే, అయినా రాస్తున్నాను. మొదటిది 'స్లో పాసింజర్'.
వెరోనికా

వెరోనికా,
నువ్వు రాయకముందే తెలిసింది. శ్యామసుందర్ కుడికాలు చూశాను. నేలలోంచి మోకాళ్ల దాకా వస్తోంది.
భాగ్యం

భాగ్యా,
ఏడుస్తున్నావా? వెళ్లిపోదామా?
వెరోనికా

వెరోనికా,
దుమ్ము పడింది. ముందుకి చూడు.
భాగ్యం

భాగ్యా,
రెండోది 'వెయిటింగ్ రూమ్'. హార్వే అదరగొడుతున్నాడు. గొంతు అలాగే ఉంది.
వెరోనికా

భాగ్యా,
'లాస్ట్ బోగీ'. చాలా బాగుంది. గొంతు అలాగే ఉంది.
వెరోనికా

భాగ్యా,
'ఔటర్ సిగ్నల్' మొదలెట్టారు! మన పాట! చాలా చాలా బాగా పాడుతున్నాడు.
వెరోనికా

వెరోనికా,
నిజం రాయమన్నాను. నాకు పోయింది చెవులే, కళ్లు కాదు. వెనక కుర్రాళ్లు ఒకళ్ల భుజాలు ఒకళ్లు పొడుచుకుని నవ్వుతున్నారు. ముందు వరస పెద్దాయన తల దించుకున్నాడు. నీ గడ్డం వణుకుతోంది. హార్వేకి గొంతు పోయింది కదూ?
భాగ్యం

భాగ్యా,
పోయింది. మొదటి పాట నుంచే. పైకి వెళ్లాల్సిన చోట అందుకోలేక మాటలు మింగేస్తున్నాడు. నీతో అనబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్లు దాచుకున్న పాట నా చెవుల ఎదురుగా పాడైపోతోందే. ఇంక ఎప్పుడు గుర్తు చేసుకున్నా ఇదే వినబడుతుందేమో. నేను రాకుండా ఉండాల్సింది.
వెరోనికా

వెరోనికా,
నాకు బాగానే పాడుతున్నాడు. నిన్ను ఓదార్చడానికి కాదు, ఒట్టు. దోమ రొద కూడా లేదు, ఈ గోలలో నాకు ఆయన గొంతు అసలు తగలడం లేదు. శ్యామసుందర్ దెబ్బలు కాళ్లలోంచి వస్తున్నాయి, వాటిమీద హార్వే తనంతట తను వచ్చి పాడుతున్నాడు. ఎనభైలో పాడిన గొంతే. నువ్వు అందుకోలేదన్న చోటు ఇప్పుడే అందుకున్నాడు, నూలుపోగంత తగ్గలేదు. ఏటీ చెరగలేదే!

చెప్పులు విప్పి పాదాలు నేలమీద ఆనించు. పెన్సిలు నా దగ్గరే ఉంచుతాను, రెండు చెవులూ గట్టిగా మూసుకో. త్వరగా. రెండో చరణం ఇంకా రాలేదు.
భాగ్యం